కథకు నారు పోయుట

ప్రతి సంవత్సరమును మన పాఠశాల పత్రికకు విద్యార్థులు పంపు కథలను చదువు పని మాపై బడుచున్నది. ఆ కట్టను విప్పినప్పుడెల్ల మాకొక సంగతి స్పష్టముగా గోచరించుచుండును. వానిలో ముప్పాతికపాలు కథలు ఒక్కరీతిగానే నడచును. త్రాగుబోతు తండ్రి చివరి పుటలో మారిపోవును. సోమరి పరీక్ష తప్పి బుద్ధి తెచ్చుకొనును. గర్విష్ఠియైన ధనికుని యిల్లు వరదలో కూలును. భాషాదోషములు అంతగా నుండవు. సంధులు సరిగానే యుండును. అయినను చదివి ముగించిన పిమ్మట ఏ ముఖమును కన్నులయెదుట నిలువదు. ఆ త్రాగుబోతు ఏ యూరివాడు, ఏ పని చేయువాడు, సాయంకాలము ఇల్లు చేరునప్పుడు అతని చేతిలో నేమున్నది అను సంగతులు వ్రాసిన బాలునకే తెలియవు.

అదే బాలుడు రాత్రి భోజనమైన తరువాత వసతిగృహపు అరుగుమీద కూర్చుండి తోటివారికి చెప్పు కథలను మేము అప్పుడప్పుడు వినుచుందుము. అచ్చట అతడు వేఱొక మనుష్యుడు. తన మేనమామ సంతలో కోడెను అమ్మి వచ్చి, ఆ రాత్రి చాలసేపు దానిని కట్టు గుంజవైపు చూచుచు పాకలో కూర్చున్న సంగతి అతడు చెప్పుచుండగా వినువారు కదలరు. కలము చేతబట్టగానే ఆ మేనమామ మాయమగును. ఆ స్థానమున "ధనాశ చెడ్డది" అను వాక్యము వచ్చి కూర్చుండును. ఈ మార్పు ఎట్లు కలుగుచున్నది, దీనిని తప్పించుట యెట్లు అనునదియే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము. పాత్రపోషణము, సంభాషణ, శైలి మొదలగు సంగతులు పెద్ద గ్రంథములలో దొరకును; వానిని ఇచ్చట ముట్టము. కథ ఇంకను కథ కాక మునుపు, అది మనస్సులో వేలెడంత యున్నప్పుడు, దానిని ఏమి చేయవలయునో అంతమాత్రమే చెప్పుదుము.

మొదట మూడు మాటలను వేఱుపఱచుకొనవలెను. "పేదరికము" అనునది విషయము. "పేదలను కనికరింపవలెను" అనునది నీతి. వానకు తడిసిన ఒక్కగానొక్క చొక్కాను పొయ్యిసెగకు పట్టి ఆరబెట్టుకొనుచు, దూరమున బడిగంట వినుచున్న బాలుడు - ఇది బీజము. విషయమును నీతియు ఒకే వేళ వేయిమందికి తట్టవచ్చును. అవి యెవ్వరి సొత్తును కావు. బీజము మాత్రము చూచినవానికే దక్కును. దానిని గుర్తించుటకు గురుతులు రెండు. పిలువకుండనే అది మరల మరల మనస్సునకు వచ్చుచుండును. వచ్చినప్పుడెల్ల ఏదో యొక ప్రశ్నను వెంట దెచ్చును. ఆ బాలుడు తడిచొక్కాతోనే బడికి పోయెనా? పోనియెడల ఎవరితో ఏమని చెప్పెను? నీతికి ఇట్టి ప్రశ్నలు పుట్టవు. నీతి అప్పటికే ముగిసిపోయిన సంగతి. దానికి ఇక పెరుగుదల లేదు. కథను నీతితో మొదలుపెట్టువాడు కోసిన పంటను మరల పొలములో పాతుచున్నాడని మా అభిప్రాయము.

రైతుబిడ్డలకు మేము వేఱుగా చెప్పనక్కఱలేదు. వరివిత్తనమును ఒక దినము నానబెట్టి, నీరు వంచి, గోనెసంచిలో మండెకట్టి మరియొక దినము వెచ్చగా నుంచుదురు. తెల్లని మొలక తల చూపిన పిమ్మట నారుమడిలో చల్లుదురు. ఇంచుమించు మూడు వారములు దాటిన తరువాత గాని నారును పెరికి పొలమున నాటరు. విత్తనము మొలచినదా లేదా యని గడియకొకసారి సంచి విప్పి కెలకువాడు మొలకను విఱుచును. కథాబీజమునకును ఇట్టి నానబెట్టుటయు, మండెకట్టుటయు, నారుమడియు కలవు. మనవారు సామాన్యముగా ఈ మూడింటిని విడిచి, సోమవారమున తట్టిన యూహను మంగళవారము సాయంకాలమునకే కోతకు తెత్తురు.

బీజము ఎంత చిన్నదిగా నుండవలెనో తెలిసికొనుటకు హెన్రీ జేమ్స్ అను అమెరికా దేశపు నవలాకారుని అనుభవము మిక్కిలి ఉపకరించును. ఆయన నవలలలో "ది స్పాయిల్స్ ఆఫ్ పాయింటన్" అనునది 1897లో వెలువడినది. అది యెట్లు పుట్టెనో ఆయన 1908 నాటి పీఠికలో వివరించెను. క్రిస్మస్ ముందటి రాత్రి లండనులో ఒక విందునకు ఆయన పోయియుండెను. ప్రక్కను కూర్చున్న యొక స్త్రీ మాటల సందున, తమకు తెలిసిన యొక తల్లియు ఆమె యొక్కగానొక్క కుమారుడును ఇంటిలోని విలువగల సామగ్రి కొఱకు తగవులాడుచున్నారని చెప్పెను. పట్టుమని పది మాటలు. జేమ్స్‌నకు అది చాలెను. కథ అంతయు ఆ పది మాటలలో ఉన్నట్లు ఆయనకు స్ఫురించెను. ఆ స్త్రీ అంతటితో ఆగక, తరువాత నిజముగా ఏమేమి జరిగినదో చెప్పసాగెను. వినుచుండగా ఆయనకు విసుగు కలిగెను. లోకములో జరిగిన తీరు ఆ బీజమును పాడుచేయుచున్నదే గాని పెంచుటలేదని ఆయనకు తోచెను.

దీనినిబట్టి విద్యార్థులు తఱచుగా మమ్మడుగు ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. "జరిగినది జరిగినట్లే వ్రాయవలెనా?" అని వారడుగుదురు. అక్కఱలేదు. కాని జరిగినదానిలో నీ మనస్సును కుట్టిన ముల్లును మాత్రము విడువరాదు. రవీంద్రనాథ టాగూరు తమ జమీందారీ పనులమీద శాజాద్‌పూర్‌లో నివసించిన కాలమున, వారుండిన భవనమునందే క్రింది భాగమున తపాలా కార్యాలయము ఉండెడిది. ఆ పోస్టుమాస్టరు సాయంకాలములందు వచ్చి ముచ్చటలు చెప్పుచుండెడివాడు. టాగూరు 1891లో "పోస్టుమాస్టరు" అను కథను ప్రచురించిరి. పట్టణమునుండి పల్లెకు వచ్చి, చెరువును చెట్లను చూచి దిగులుపడు యువకుడును, అతనికి వంటలో సాయము చేయుచు అక్షరములు నేర్చుకొను రతన్ అను అనాథబాలికయు అందు కలరు. అతడు ఉద్యోగము మాని వెడలిపోవును. ఆ పిల్ల మిగిలిపోవును. జరిగినది ఇంతే. కథ అచ్చయిన పిమ్మట ఆ అసలు పోస్టుమాస్టరు సిగ్గుతో నవ్వుచు దానినిగూర్చి ప్రస్తావించెనని టాగూరు 1892 నాటి జాబులో వ్రాసిరి. ఆయన మేడమీద గదిలో కూర్చుండి దూరదేశపు రాకుమారునిగూర్చి వ్రాయలేదు. మెట్లు దిగిన చాలు కనబడు మనుష్యుని తీసికొనిరి. ఇతడు వెడలిపోయిన ఎవరు ఏడ్తురు అను ప్రశ్నను ఆ మనుష్యుని ప్రక్కను నిలిపినచో కథ యెంత దూరము పోవునో చదువరులే చూడగలరు.

ఇంక మన పాఠశాలలోని సంగతి యొకటి. గత సంవత్సరము మా తరగతి విద్యార్థి యొకడు వ్యాసపుస్తకమును బల్లమీద నుంచి పోవుచు, గుమ్మమువద్ద ఆగి, "వంతెన అయిపోయాక కూడా మా నాన్న రోజూ సాయంత్రం రేవుకెళ్లి కూచుంటాడండీ" అనెను. అంతమాత్రమే. అతని తండ్రి ఏటిమీద పడవ నడపినవాడు. వంతెనమీద బస్సులు తిరుగుట మొదలైన పిమ్మట రేవు మూతపడెను. పడవ అమ్ముడుపోయెను. తండ్రి ఇప్పుడు ఇటుకల బట్టీకి కూలికి పోవుచున్నాడు. ఈ సంగతి ఆ పిల్లవాని వ్యాసమునందు లేదు. వ్యాసమునందు "వంతెనలవలన కలుగు లాభములు" అను శీర్షిక క్రింద ఆఱు లాభములు వరుస సంఖ్యలతో నుండెను. పదికి ఏడు మార్కులు ఈయదగిన వ్యాసమే. కాని గుమ్మమువద్ద పలికిన మాట ఆ ఆఱు లాభములకంటె బరువైనదని అతనికి తెలియదు.

దానిని కథగా వ్రాయుమని మేము చెప్పలేదు. ఆ వాక్యమును, పలికినది పలికినట్లుగా, ఒక తెల్లపుటమీద వ్రాసి తేదీ వేయుమంటిమి. పుట అడుగుభాగమును ఖాళీగా విడువుమంటిమి. వారము దినములైన పిమ్మట పిలిచి కొన్ని ప్రశ్నలడిగితిమి. "నాయనా, మీ తండ్రి రేవులో ఎచ్చట కూర్చుండును? ఎటువైపు తిరిగి? చేతిలో ఏమైన నుండునా? దారిన పోవువారు పలుకరింతురా? చీకటి పడిన తరువాత తానే లేచివచ్చునా, ఎవరైన పిలువవలెనా?" ఏల కూర్చుండునని మాత్రము మేమడుగలేదు. "ఏల" అను ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పుకొనినచో బీజము అక్కడనే చచ్చును. ఏలయన ఆ సమాధానము తప్పక నీతిగా మాఱును. ఎచ్చట, ఎప్పుడు, ఎటు, ఏమి చేతబట్టుకొని అను ప్రశ్నలు బీజమునకు నీరువంటివి.

అతడు రెండింటికి మాత్రమే సమాధానము చెప్పగలిగెను. తక్కినవి తెలియవనెను. కన్నతండ్రియే గదా, ప్రతిదినమును చూచినదే గదా యని మనమనుకొందుము. కాని చూచుట వేఱు, కనుగొనుట వేఱు. సంక్రాంతి సెలవులలో ఇంటికి పోయినప్పుడు అతడు తండ్రి వెనుక రేవునకు పోయి కూర్చుండెను. తిరిగి వచ్చి చెప్పిన సంగతి యిది. తండ్రి వంతెనకు వీపు త్రిప్పి కూర్చుండును. చేతిలో ఏమియు నుండదు. అయినను అరచేతులు రెండును గెడ పట్టినట్లు మోకాళ్లమీద ముడిచియుండును. ఒక సాయంకాలము ఆవలి గట్టున ఎవరో పాత అలవాటుచొప్పున పడవ కొఱకు కేక వేసిరి. "నాన్న గబుక్కున లేచి నిలబడ్డాడండీ. మళ్లీ కూచున్నాడు."

ఇది వినిన పిమ్మట అతని స్నేహితులు తలకొక సలహా ఇచ్చిరి. తండ్రి ఏట దూకి ఆవలివానిని రక్షింపవలెనని యొకడు. వంతెన కూలవలెనని మరియొకడు. కాలముతోపాటు మనుష్యులు మాఱవలెనను నీతిని చివర చేర్చినయెడల బాగుండునని ఒక పెద్దమనుష్యుడు చెప్పెను. అందఱును మంచి తలంపుతో చెప్పినవారే. కాని మొలక పుట్టిన మూడవదినముననే అందఱును దానిని తమ తమ పొలములలోనికి పెరికికొని పోజూచుచున్నారు. ఆ పిల్లవాడు కలత చెంది పుస్తకము మూసివేసెను.

అంతకంటె లోతైన కారణము మరియొకటి కలదని మాకు కొంతకాలమునకు తెలిసెను. తన తండ్రి బట్టీలో కూలి చేయుచున్న సంగతి తరగతివారికి తెలియునని అతడు వెఱచుచుండెను. ఇది చిన్న విషయమని మేమనుకొనము. మన విద్యార్థులు త్రాగుబోతు ధనికులనుగూర్చియు, ఎన్నడును చూడని మహానగరములనుగూర్చియు వ్రాయుటకు సగము కారణము ఇదియే. తమ యిల్లు, తమ వీధి, తమవారి చేతిపని కథకు తగినవి కావని వారికి ఎవరో ఎప్పుడో నేర్పిరి. నిజమైన బీజము సిగ్గునకు అతి సమీపమున దొరకుచుండును. అందుచేతనే పిల్లలు దానిని దాటి పోవుదురు. అయితే ఉపాధ్యాయుడు దానిని బలవంతముగా బయటికి లాగరాదు. ఒక కుటుంబపు సంగతి పత్రికకు మేత కాదు. పడవవానిని మగ్గపువానిగా మార్చవచ్చును, ఊరు మార్చవచ్చును, కథ వ్రాసి ఎవ్వరికిని చూపక పెట్టెలో నుంచుకొనవచ్చును. మేము అతనితో ఇంతే చెప్పితిమి. మొదట తండ్రికి చదివి వినిపించెదనని అతడు చెప్పెను. ఆ ఆలోచన మాకు రాలేదు, అది అతనిదే.

ఇచ్చట భాషనుగూర్చి ఒక మాట. మేము ఈ వ్యాసమును గ్రంథభాషలో వ్రాయుచున్నాము. అది మాకు శిక్షణ కళాశాలనాటినుండి అలవడినది. కాని "కూచుంటాడండీ" అను మాటను "కూర్చుండునండి" అని దిద్దుటకు మా చేయి రాలేదు. ఆ మాటలోనే ఆ పిల్లవాని గొంతును, ఆ రేవును ఉన్నవి. గిడుగు రామమూర్తి పంతులుగారు తమ జీవితమును ఏ వాదమునకు ధారవోసిరో దానిని గుఱించి పండితులెన్ని చెప్పినను, బీజము ఏ భాషలో పుట్టెనో ఆ భాషలోనే దానిని మొదట వ్రాసికొనవలెనని మాత్రము మేము రూఢిగా చెప్పగలము.

ఊహను ఇతరులకు చెప్పవచ్చునా, చెప్పరాదా? చెప్పిన పస పోవునని కొందఱందురు. ఆ మాటలో నిజము కలదు. నాలుకతో పూర్తిగా చెప్పివేసిన కథను కలముతో మరల చెప్ప బుద్ధిపుట్టదు. కాని ఎవరికి చెప్పుచున్నామనునది చూచుకొనవలెను. ఆర్. ఎల్. స్టీవెన్సన్ వ్రాసిన "ట్రెజర్ ఐలెండు" కథ దీనికి తార్కాణము. 1881వ సంవత్సరపు వేసవిలో స్కాట్లండునందలి బ్రేమార్ అను గ్రామమున ఆయన కుటుంబముతో నుండెను. వానలచేత ఎవ్వరును బయటికి పోలేకుండిరి. సెలవులకు వచ్చిన సవతికుమారుడు రంగులతో బొమ్మలు వేసికొనుచుండగా, స్టీవెన్సన్‌కూడ అతనితో కూర్చుండి ఒక ద్వీపపు పటమును గీసి రంగులు పూసెను. కొండలకు రేవులకు పేర్లు పెట్టెను. ఆ పటమును చూచుచుండగా దానిలోని అడవులలోనుండి మనుష్యులు కత్తులతో తొంగిచూచినట్లు ఆయనకు తోచెను. కథాబీజము ఆ కాగితపు ముక్కయే. అంతకుమునుపు ఎన్నో పర్యాయములు ఆయన నవలలు మొదలుపెట్టి, ఒక్కదానినైనను ముగింపలేక విడిచియుండెను.

మఱునాడు మొదలుకొని దినమునకొక అధ్యాయము వ్రాసి ఇంటివారికి చదివి వినిపించెను. ఆ బాలునితో సమానముగా స్టీవెన్సన్ ముసలి తండ్రియు ఉబలాటపడి విని, కథలోని నావికుని పెట్టెలో ఏయే వస్తువులుండవలెనో తానే పట్టీ వ్రాసి యిచ్చెను. ఇట్టి శ్రోతలు బీజమునకు ఎరువు. "తరువాత ఏమాయెను?" అని వారడుగుదురు. "దీనివలన తేలినదేమి?" అని వారడుగరు. విద్యార్థులారా, మీ ఊహను చెప్పదలచినచో మొదటి ప్రశ్న వేయువారికి చెప్పుడు. రెండవ ప్రశ్న వేయువారికి కథ ముగిసిన తరువాత చూపుడు.

అయితే పదునైదు అధ్యాయములు పదునైదు దినములలో వ్రాసిన స్టీవెన్సన్‌నకు పదునాఱవ అధ్యాయమున నోరు పడిపోయెను. ఒక్క మాటయు రాలేదు. అప్పటికే కథ పత్రికకు ఒప్పుకొనబడినది! ఆయన దానిని బలవంతముగా ఈడ్వలేదు. కొంతకాలము ప్రక్కనబెట్టి వేఱు పుస్తకములు చదివెను. చలికాలమునకు స్విట్జర్లండునందలి డావోస్ పట్టణమునకు పోయిన పిమ్మట ఒక ఉదయమున కూర్చుండగా కథ మరల ధారగా ప్రవహించెను. 1883లో అది గ్రంథరూపమున వచ్చినది. ముద్రణ కొఱకు పంపిన మొదటి పటము దారిలో పోయెను. వ్రాసిన కథనుబట్టి కొలతలు చూచి మరియొక పటము గీయవలసివచ్చెను గాని, అది తన ద్వీపమని ఆయనకు ఎన్నడును తోచలేదట. మొదటి చిత్తు కాగితములను పాఱవేయు మన విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

కథ నడుమ ఆగినంతమాత్రమున చచ్చినదని భయపడరాదు. కొన్ని బీజములకు కొన్ని యేండ్లు పట్టును. నథానియేల్ హాథార్న్ అను అమెరికా రచయిత 1837-38 ప్రాంతమున అచ్చైన యొక చిన్నకథలో, వీధిలోని గుంపునందు నిలిచిన స్త్రీ నొకతెను రెండు మూడు వాక్యములలో చూపెను. ఆమె తప్పిదమునకు శిక్షగా రవికెపై ఎఱ్ఱని గుడ్డతో ఒక అక్షరము కుట్టించుకొని తిరుగవలసియుండెను. అంతటితో ఆ కథ ఆమెను దాటి పోయెను. కాని ఆమె హాథార్న్ మనస్సును దాటి పోలేదు. కొన్ని సంవత్సరముల తరువాత ఆయన నోటుపుస్తకములో ఆ స్త్రీ జీవితమునుగూర్చి ఒక్క వాక్యము వ్రాసికొనెను. 1850లో "ది స్కార్లెట్ లెటర్" నవల వెలువడినది. ఇంచుమించు పండ్రెండేండ్లు! ఆ నోటుపుస్తకములో ఇట్టి వాక్యములు ఎన్నియో కలవు. అనేకము మొలవనే లేదు. మొలవని విత్తనములకు ఎవ్వరును లెక్క అడుగరు.

బీజము కథకు మొదట నుండవలెనను నియమమును లేదు. మేరీ షెల్లీ 1816లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జెనీవా సరస్సు తీరమున స్నేహితులతో పందెము వేసికొని దయ్యపుకథకై ఆలోచించెను. కథ తట్టినదా యని ప్రతి ఉదయమును వారడుగుదురు. లేదని చెప్పుటకు ఆమెకు సిగ్గు. చివరకు ఒక రాత్రి, నిదురపట్టని వేళ, తాను చేసిన ప్రాణి కన్నులు తెఱచుట చూచి భయపడిన విద్యార్థి ఆమెకు కనబడెను. ఆ దృశ్యమునే ఆమె మొదట వ్రాసెను. "ఫ్రాంకెన్‌స్టైన్" 1818లో అచ్చైనప్పుడు ఆ పుట కథ నడుమకు చేరినది. ఈనాటి ప్రతులలో సామాన్యముగా అది ఐదవ అధ్యాయము. కనుక స్పష్టముగా కనబడుచున్నది ఏదియో దానినే మొదట వ్రాయుడు. మొదలును తుదయు తరువాత వెదకికొనవచ్చును.

ఇతరుల కథలనుండి బీజమును తెచ్చుకొనుట దోషమా యని కొందఱు తల్లిదండ్రులు మమ్మడిగిరి. చలనచిత్రమును చూచి వచ్చి దానినే పేర్లు మార్చి వ్రాయుట దొంగతనమే. కాని పరాయి విత్తనమును తన మడిలో మొలిపించుట వేఱు సంగతి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్ నవలయైన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు"ను దృష్టియందుంచుకొని "రాజశేఖర చరిత్రము"ను రచించిరి. 1878లో అది వివేకవర్ధనిలో వెలువడసాగెను. ఆంగ్లదేశపు పురోహితుని కుటుంబము అందు లేదు. ధవళేశ్వరము కలదు, గోదావరి కలదు, జాతకములను బంగారు యోగములను నమ్మి చెడిన మన గృహస్థుడు కలడు. పరాయిబీజమునకు మన మన్ను ఎంత పట్టినది అనునదియే ఇచ్చట పరీక్ష.

ఇంక ఉపాధ్యాయులకును, పిల్లలను ఇంట చదివించు తల్లిదండ్రులకును విన్నపము. బాలుడు గాని బాలిక గాని మొదటి చిత్తుప్రతిని తెచ్చినప్పుడు ఎఱ్ఱసిరా కలమును వెంటనే తెఱవకుడు. వర్ణక్రమము రేపైనను దిద్దవచ్చును. "ఆ పెట్టె ఏ రంగుది?" "ఆమె అప్పుడేమన్నది?" అని అడుగుడు. అడిగినదానికి సమాధానము వ్రాయుటకై పిల్లలు తమంతట తామే పుటను తిరుగవ్రాసెదరు. అట్లు వ్రాయుటలో సగము తప్పులు రాలిపోవుట మేము చూచియున్నాము. నీతి లేని కథ పిల్లలను చెఱచునని భయపడువారు గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు"ను మరల చదువుదురు గాక. 1910లో అచ్చైన ఆ చిన్నకథలో, రాత్రి ఆలస్యముగా ఇంటికి వచ్చిన భర్తకు భార్య కనబడదు. ఒక ఉత్తరము కనబడును. గోపాలరావును కమలిని దిద్దినది ఉపన్యాసముతో కాదు, ఇంటిలో కనబడకుండుటచేతనే. చదువరి దానిని గ్రహింపకపోడు. పిల్లలు గ్రహింపరని మనకేల సందేహము?

బాలికల విషయమున ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. వారికి కనబడునన్ని బీజములు బాలురకు కనబడవు. నూతివద్దను, వంటయింటిలోను, పురిటిగదిలోను పెద్దవారు మాటలాడుకొనునప్పుడు వారక్కడ నుందురు. కాని "ఇంటిగుట్టు వ్రాయుదువా?" అను గద్దింపు వారికే ముందు తగులును. వ్రాసినదెల్ల అచ్చునకు పోదు. తల్లులు ఈ సంగతిని గుర్తించి, కొమార్తె పుస్తకమును ఆమె చూపనంతవఱకు తెఱువకుందురేని, మాకు వచ్చు కథలలో ఇప్పటికంటె మెఱుగైనవి తప్పక యుండును.

పడవవాని కుమారుని కథ ఈ సంచికలో లేదు. రెండు పుటలు నడచి, ఆవలి గట్టునుండి కేక వినబడినచోట అది ఆగియున్నది. తండ్రికి చదివి వినిపించెనో లేదో మేమడుగలేదు. ఈ సంవత్సరమున కథలు చాలలేదని పత్రికాసంఘమువారు దానిని పూర్తిచేయించుమని మమ్ము కోరిరి గాని, మేము ఒప్పుకొనలేదు.

రాబోవు సంవత్సరమునకు మాత్రము మేము ఏర్పాటు మార్చుచున్నాము. పాఠశాల తెఱచిన మొదటి మాసమున కథలను అడుగము. కథ వ్రాయదలచిన ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొని, తాము కన్నది గాని విన్నది గాని ఒక్కొక్క పుటకు ఒక్కొక్కటి చొప్పున, విన్న మాటలలోనే, తేదీ వేసి వ్రాసికొనవలెను. శనివారమున మధ్యాహ్నము రెండు గంటలకు గ్రంథాలయపు గదిలో మేముందుము. తమ పుటలలో ఒకదానిని చదివి వినిపింపగోరువారు రావచ్చును. వట్టినే వినగోరువారును రావచ్చును. అచ్చట అడుగబడునవి ఎచ్చట, ఎప్పుడు, ఎవరు, చేతిలో ఏమి అను ప్రశ్నలు మాత్రమే. దసరా సెలవులకు ముందు ఎవ్వరును కథను పూర్తిచేయనక్కఱలేదు. నోటుపుస్తకము కొనలేనివారికి ఆఫీసు గదిలో కాగితములు కుట్టి ఇచ్చెదము.